ఇంటాయన అనే చిరునామా

నాలుగు వందల పన్నెండో సారి కూడా పలక మోసపోలేదు.

హైమవతి ప్రయోగశాలలో బల్ల మీద ఉన్న ఆ పలక చూడటానికి మెత్తని రబ్బరు ముక్క, అరచెయ్యి కన్నా కొంచెం పెద్దది. దానికి జత ఇంకొకటి ఉంటుంది. ఒకరు దీని మీద చెయ్యి పెడితే, ఎంత దూరంలో ఉన్నా రెండో పలక మీద చెయ్యి పెట్టినవారికి ఆ చేతి వేడి, ఒత్తిడి, వేళ్ళ కదలిక తగులుతాయి. సముద్రం అడుగున గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం దాన్ని తయారుచేశారు. అక్కడ పీల్చే గాలిలో హీలియం కలుపుతారు. దానివల్ల గొంతు సన్నబడి బాతు అరుపులా మారుతుంది, మాట అర్థం కాదు. గొంతు పోయినవాళ్ళకి చెయ్యయినా మిగలాలని హైమవతి పదకొండేళ్ళు పనిచేసింది.

పలకకి పేరు చెప్పి పిలవాలి. ఆ పేరు గల మనిషి పలక ఎక్కడుందో దానికి తెలియదు. లైను కంపెనీని అడుగుతుంది. కంపెనీ చూపించిన దారినే పిలుపు పంపుతుంది. హైమవతి భయమంతా అక్కడే ఉండేది. దారి చెప్పేవాడు అబద్ధం చెబితే?

అందుకే పరీక్ష. పలకలో ఒక పేరు పిలుస్తారు. దారిని కావాలని మళ్ళించి పక్కగదిలో ఉన్న దొంగ పలక దగ్గరికి పంపుతారు. అక్కడికి పిలుపు చేరగానే పలక ముందు ముద్ర అడుగుతుంది, అంటే ఆ రెండో పలక ఎవరిదో చెప్పే గుర్తు. ముద్రలో ఉన్న పేరూ, పిలిచిన పేరూ ఒకటైతేనే తలుపు తీస్తుంది. ఒక్కసారి తీశాక మధ్యలో ఉన్నవాళ్ళెవరికీ ఆ స్పర్శ దొరకదు.

"ఈ ముద్ర మీరు పిలిచిన మనిషిది కాదు. తలుపు తియ్యను," అంది పలక, నాలుగు వందల పన్నెండో సారి.

హైమవతి నివేదిక రాసింది. లైను కంపెనీ దారి మళ్ళించినా లోపలి స్పర్శకు భయం లేదు. కంపెనీకి తెలిసేది ఎవరు, ఎవరిని, ఏ వేళకు పిలిచారన్నది మాత్రమే. కింద సంతకం పెట్టింది.

*

భీమిలి దగ్గర జాలరిపేటలో నూకరత్నం ఇంటికి పలక బిగించడానికి వచ్చినవాడు లైను కంపెనీ మనిషి జోగినాయుడు. అప్పటికి ఆమె భర్త సముద్రం అడుక్కి వెళ్ళి తొమ్మిది రోజులైంది. వలలు వదిలేసి గని పనిలో చేరిన మొదటి జట్టులో ఆయన ఒకడు.

జోగినాయుడు గోడకి పలక బిగించి, చేతులు దులుపుకున్నాడు.

"ఇంక మీ ఆయన పేరు చెప్పు పిన్నీ. పలక వింటాది."

నూకరత్నం తట్టలో నెత్తళ్ళ చేపలు ఏరుతూ తల ఎత్తలేదు.

"పేరు చెప్పాలి పిన్నీ."

"కాయితం మీద ఉంటాది గదా. చూసుకో."

"కాయితం మీద ఉంటే సరిపోదు. నీ గొంతుతో నువ్వే పిలవాల. రోజూ అలాగే పిలవాల."

"నానెలగ సెప్తాను బాబూ? పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది, ఒక్కసారీ నోటంట రానీలేదు. ఇప్పుడు ఆయన నీటడుగున ఉంటే, ఆ పేరు పెట్టి అరవమంటావా? ఏటైనా అయితే?"

"ఏటీ అవ్వదు."

"నీ పెళ్ళాం నిన్ను పేరు పెట్టి పిలుస్తాదేటి?"

జోగినాయుడు నవ్వేశాడు. "నా పెళ్ళాం నన్ను పిలవడమే లేదులే. సరే, ఏమని పిలుస్తావో అదే చెప్పు."

"ఇంటాయన అంటాను."

ఆ పేటలో అప్పటికి పదిళ్ళలో ఇదే గొడవ. పై ఆఫీసువాళ్ళు దానికొక ఉపాయం చెప్పారు. జోగినాయుడు తన చేతిలోని యంత్రంలో నొక్కి, కంపెనీ సొంత పేర్ల పుస్తకంలో 'ఇంటాయన' అని కొత్త పేరు రాశాడు, పక్కన నూకరత్నం ఇంటి నంబరు. ఆ పేరుకి కంపెనీయే ముద్ర ఇచ్చుకుంది. నూకరత్నం "ఇంటాయన" అనగానే పిలుపు ముందు కంపెనీ ఆఫీసులోని యంత్రానికి వెళుతుంది. అక్కడినుంచి కంపెనీ ఆమె చేతిని సముద్రం అడుక్కి అందిస్తుంది.

"ఇంటాయన," అంది నూకరత్నం, సిగ్గుపడుతూ.

"ముద్ర సరిపోయింది," అంది పలక. పచ్చదీపం వెలిగింది.

జోగినాయుడు మంచే చేశాననుకున్నాడు.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆయన పని దిగుతాడు. ఆ వేళకి నూకరత్నం చేతులు చింతపండుతో రుద్ది, ఉప్పు వాసన పోయేదాకా కడుక్కుని, పలక ముందు పీట వేసుకుని కూర్చునేది. చెయ్యి పెట్టగానే ఆయన బొటనవేలు ఆమె మణికట్టు ఎముక మీద రెండుసార్లు రాసేది. పెళ్ళయిన కొత్తలో, జనంలో మాట్లాడటానికి వీల్లేనప్పుడు ఆయన అలాగే పలకరించేవాడు. తర్వాత అరచెయ్యి మొత్తం పట్టుకునేవాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. పొద్దున్న ఎండలో నెత్తళ్ళు పరచడం, కాకుల్ని తోలడం, మధ్యాహ్నం తట్ట ఎత్తుకుని నాలుగు వీధులు తిరగడం, ఒక్కదానికి సరిపడా ఉడకేసుకోవడం. రోజంతా ఆమె మాట్లాడేది చేపల గురించే. అరగంట మాత్రం ఏమీ మాట్లాడకుండా కూర్చునేది. రోజంతటిలో ఆ అరగంటే తనకి కబుర్లాడుకున్నట్టుండేది.

వెళ్ళేముందు ఆయన ఒక మాట చెప్పాడు.

"రెండేళ్ళయ్యాక ఇంకా కిందకి, రెండో గనికి పిలుస్తారంట. అక్కడికెళితే మూడేళ్ళు. పలక అక్కడ పనిచెయ్యదు, నీటి బరువుకి నలిగిపోతాదంట. వెళ్ళాలో, వచ్చీయాలో నువ్వే చెప్పాల."

"నానెలగ సెప్పేది? ఉత్తరం రాయలేను గదా. ఎవలచేతన్నా రాయిస్తే పేటంతా తెలుస్తాది."

"చేత్తో చెప్పు. చిటికెనవేలితో మూడుసార్లు నొక్కితే వచ్చీమని. ఊరికే పట్టుకుంటే, వెళ్ళమని."

రెండేళ్ళు కావస్తుండగా, ఆషాఢంలో తుపాను వచ్చింది. ఆ రోజునుంచే నూకరత్నం నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మొదటిరోజు ఆయన చెయ్యి మామూలుగా పట్టుకుని ఊరుకుంది. మూడోరోజు అవతలినుంచీ మూడు నొక్కులు వచ్చాయి. ఆమె పీట మీద కూర్చునే ఏడ్చింది. మర్నాటినుంచి ఆయన రోజూ మూడు నొక్కేవాడు. ఆమె కన్నా ముందే నొక్కేవాడు.

ఇంటికి సున్నం వేయించింది. నులకమంచం బిగించింది. పక్కింటి పోలమ్మ చూసి ముసిముసిగా నవ్వింది.

"ఒలే రత్నం, కొత్త పెళ్ళికూతురు లాగున్నావే. సున్నమేసింది గోడలకా, నీకా?"

"నీ నోరు పడ."

"పడితే నిన్నెవలు ఆటపట్టిస్తారే?"

*

ప్రయోగశాలకి గని డాక్టరు రాసిన ఉత్తరం శుక్రవారం పొద్దున్న వచ్చింది. పనివాడు ఒకడు సాయంత్రం భోజనానికి రావడం మానేశాడు, పలక దగ్గరే కూర్చుంటున్నాడు, ఏమడిగినా అవతల ఎవరూ రావట్లేదని సైగ చేస్తున్నాడు, అది చెడిపోయిందేమో చూడండి అని అందులో ఉంది. కింద ఇంకో వాక్యం. రేపు రెండో గనికి దిగే జట్టులో ఇతని పేరుంది. దిగడానికి ఒప్పుకున్నాడు, కాని మధ్యాహ్నం పన్నెండులోగా వద్దంటే ఆగవచ్చు.

హైమవతి రెండు పలకల లెక్కలూ తెరిచింది. చేతులు ఏం చెప్పుకున్నాయో ఆమెకి కూడా కనబడదు. అలా కనబడకుండా చేసింది ఆమే. ఎవరు ఏ వేళకి వచ్చారో మాత్రం కనబడుతుంది.

గనిలో పలక బాగుంది. ముప్పై ఎనిమిది సాయంత్రాలు ఆయన చెయ్యి పెట్టి ఒంటరిగా కూర్చున్నాడు. జాలరిపేటలో పలకా బాగుంది. అవే ముప్పై ఎనిమిది సాయంత్రాలు, అదే వేళకి, ఆమె చెయ్యి పెట్టింది. ఆమెకి తలుపు తెరుచుకుంది. ముద్ర సరిపోయింది.

ఏ పేరు పిలిచిందో చూసింది. ఇంటాయన.

జోగినాయుడికి ఫోను చేసింది.

"తుపానుకి సముద్రం లైను తెగింది మేడమ్," అన్నాడు అతను. "బాగుచెయ్యడానికి ఆరు రోజులు పట్టింది. అందాకా జనం గోల పెట్టకుండా పైవాళ్ళు ఊరట సేవ అని పెట్టారు. అవతలి చెయ్యి రెండేళ్ళుగా మా ఆఫీసు మీదుగానే పోయింది గదా, దాని అలవాట్లన్నీ మా యంత్రం నేర్చుకుంది. అదే పట్టుకుంటాది. మనిషి దేనికి సంతోషపడితే అది మళ్ళీ చేస్తాది."

"ఆరు రోజులన్నారు. ముప్పై ఎనిమిది రోజులైంది."

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినబడింది.

"తియ్యడం ఎవలూ చూసుకోలేదు మేడమ్. ఒక్క కంప్లయింటూ రాలేదు మరి."

"ఇలాంటి పేర్లు మీ పుస్తకంలో ఎన్నున్నాయి?"

అతను లెక్కపెట్టి చెప్పాడు. 'మా ఆయన', 'పిల్లల తండ్రి', 'బావ', 'ఇంటాయన'. ఆ తీరం పొడుగునా నూట నలభై మూడు.

పలక తప్పు చెయ్యలేదని హైమవతికి అర్థమైంది. నాలుగు వందల పన్నెండు పరీక్షల్లోనూ అవతలి మనిషిని అసలు పేరుతో పిలిచేవాళ్ళనే ఆమె ఊహించుకుంది. పిలిచిన పేరే దారి చెప్పేవాడిదైతే, వాడు చూపించే ముద్ర దొంగముద్ర కాదు.

*

సాయంత్రం అయిదింటికి ఆమె జాలరిపేట చేరింది. నూకరత్నం అప్పుడే చేతులు కడుక్కుంటోంది.

హైమవతి నెమ్మదిగా, మెట్టు మెట్టుగా చెప్పింది. నూకరత్నం అంతా విని, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఏటమ్మా నువ్వనేది? రోజూ నా చెయ్యి పట్టుకున్నది ఆయన కాదంటావా?"

"కాదు అక్కా. యంత్రం."

"నా మొగుడి చెయ్యి నాకు తెలీదా? ఇరవయ్యెనిమిదేళ్ళ కాపురం. నువ్వొచ్చి ఆరు నిమిషాలు కాలేదు."

"అక్కా, ఒక్కసారి ఆయన అసలు పేరుతో పిలవండి. పలక అసలైన దారినే వెళుతుంది. రేపు పన్నెండుకి ఆయన కిందికి దిగిపోతారు. మీరు రమ్మంటున్నారని ఆయనకి తెలియదు. మీరు రావడమే మానేశారనుకుంటున్నారు."

"అలాగైతే ఆఫీసు చేత అడిగించడా?"

ఆ ప్రశ్న ఆయన్నే అడగాలి. ఇద్దరి మధ్య మాటని ఆఫీసు గదిలో ఎవరికో సైగలు చేసి చెప్పుకోవడం ఆయనకి చేతకాలేదేమో.

"ఆయన వస్తన్నాడు," అంది నూకరత్నం. "మూడుసార్లు నొక్కుతున్నాడు. నానెంత నొక్కితే అంత. నువ్వెవలో వచ్చి, పేరు పెట్టి అరవమంటావు, ఆయన కాదంటావు. చదువుకున్నావు గాని, ఇంట్లోకొచ్చి అనాల్సిన మాటలేనా? వెళ్ళమ్మా. వేళయింది, ఆయన కూచునుంటాడు."

హైమవతి తన ఫోను నంబరు ఉన్న కాగితం గుమ్మం మీద పెట్టి వచ్చేసింది. పలకని బలవంతంగా మార్చే అధికారం ఆమెకి లేదు. ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా ఎవరూ మార్చలేని విధంగా దాన్ని చేసింది కూడా ఆమే. గనికి ఫోను చేస్తే, భార్య చేతి జవాబు లేకుండా తన మాట మీద పనివాడిని ఆపడం కుదరదన్నారు.

ఆ సాయంత్రం బొటనవేలు నూకరత్నం మణికట్టు మీద రెండుసార్లు రాసింది. వెంటనే మూడు నొక్కులు వచ్చాయి. ఆమె తిరిగి నొక్కలేదు. చెయ్యి కదపకుండా ఉంచింది. మళ్ళీ మూడు నొక్కులు. మళ్ళీ మూడు. ఆయన ఎప్పుడూ ఇంత తొందరపడే మనిషి కాదు.

*

శనివారం పొద్దున్న నెత్తళ్ళు పరిచిందే గాని నూకరత్నం కాకుల్ని తోలలేదు. పదిన్నర దాకా గుమ్మంలో కూర్చుంది. తర్వాత లేచి పోలమ్మని పిలిచింది.

"ఒకసారి ఈ పలక మీద చెయ్యెట్టు."

"నా చెయ్యా? ఎందుకే?"

"పెట్టమన్నాను గదా."

"ఇంటాయన" అని నూకరత్నం పిలిచింది. పచ్చదీపం వెలిగింది. ఆ వేళప్పుడు ఆయన పనిలో ఉండాలి. పలక దగ్గర ఉండే వేళ కాదు. అయినా పలక వెచ్చబడింది.

పోలమ్మ చెయ్యి పెట్టింది. రెండు క్షణాలాగి, ముల్లు గుచ్చుకున్నట్టు వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! నీ మొగుడు నా చెయ్యి నలుపుతున్నాడే! మణికట్టు మీద రాసి మరీ..." అని పగలబడి నవ్వబోయి, నూకరత్నం మొహం చూసి ఆగిపోయింది. "ఏటే? నాను అన్నది... నవ్వులాటకే గదే?"

పోలమ్మది గట్టి చెయ్యి. రెండు వేళ్ళు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నాయి. ఆ చేతిని చీకట్లో పట్టుకున్నా నూకరత్నం చెయ్యి అనుకోడు ఆయన.

"ఎన్నయింది?"

"పదకొండు కొట్టీసినట్టుంది."

నూకరత్నం పలక ముందు నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. పోలమ్మ భయపడి ఆమె భుజం పట్టుకుంది. ఆ పేరు నాలుక మీద ఉంది. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఉంది. వేరే ఆడవాళ్ళు తమ కొడుకుల్ని అదే పేరుతో కేకలేస్తుంటే ఆమె వినీ విననట్టు వెళ్ళిపోయేది.

"గరికిన ఎల్లాజీ," అంది.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. పచ్చదీపం ఆరిపోయింది. పలక చల్లబడింది. చాలాసేపటి తర్వాత మళ్ళీ వెలిగింది.

"గరికిన ఎల్లాజీ. ముద్ర సరిపోయింది. అవతల చెయ్యి లేదు."

ఆమె చెయ్యి పెట్టింది. గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. చిటికెనవేలితో మూడుసార్లు నొక్కింది. మళ్ళీ నొక్కింది. "ఎల్లాజీ," అంది. "ఎల్లాజీ. ఓ ఎల్లాజీ." పలకకి అన్నిసార్లు అక్కర్లేదు.

పోలమ్మ కాగితం తీసుకుని ఫోను చేసింది. హైమవతి గనికి చేసింది. గంట పన్నెండు కాలేదు. కాని జట్టుని తొమ్మిదింటికే లోపలి గదిలోకి పంపి తలుపు బిగించేశారు. నీటి బరువుకి ఒంటిని అలవాటు చెయ్యడానికి మూడు గంటలు పడుతుంది. పన్నెండు దాకా ఆగవచ్చు అన్న మాట నిజమే, కాని అది లోపలున్నవాడే మీట నొక్కి చెప్పాలి, తలుపు బిగించాక బయటి మాట లోపలికి చేరదు. ఆయన ఏమీ చెప్పలేదు. పన్నెండూ అయిదుకి గది కిందికి దిగింది.

*

సోమవారం హైమవతి మళ్ళీ వచ్చింది. ఈసారి నూకరత్నం పీట వేసింది.

"తప్పు నాది అక్కా," అంది హైమవతి. "భయం లేదని సంతకం పెట్టింది నేనే."

"పిలవనిది నాను," అంది నూకరత్నం. ఆ మాట అక్కడితో వదిలేసింది. గోడ మీది పలక చూపించి అడిగింది. "ఆ పలక నిన్న ఇంకో మాటంది. దాచిన పూటలు ముప్పై తొమ్మిది ఉన్నాయంటాది. ఏటవి?"

హైమవతి పీట ముందుకు జరుపుకుంది.

"అవతల ఎవరూ లేకపోతే పలక ఆ చేతిని దాచి ఉంచుతుంది. మీ చేతికి తప్ప ఎవరికీ తెరవడానికి వీల్లేకుండా ముద్ర వేసి. కంపెనీవాళ్ళు ఎంత తవ్వినా వాళ్ళకి దొరకవు. నాకూ దొరకవు. ఆయన పేరుతో మీరు వచ్చినప్పుడే మీకు అందుతాయి."

అంత భద్రంగా ఉంచింది పలక. చివరి శుక్రవారంతో కలిపి ముప్పై తొమ్మిది రోజులు ఆమెకి కూడా అందనంత భద్రంగా.

"అయితే అది ఆయనేనా?"

"ఆయనే. కాని అప్పటి ఆయన. మీరు ఏం చేసినా ఆయనకి తెలియదు."

"ఎండబెట్టిన చేప లాగన్నమాట," అంది నూకరత్నం. "మళ్ళీ ఈదదు."

హైమవతి పీట మీంచి లేచింది. నూకరత్నం ఆమె మొహంలోకి చూసి, "కాఫీ తాగి వెళ్ళమ్మా," అంది. "మిగిలిన ఆ నూట నలభైమందికీ చెప్పాల గదా. నానూ వస్తాను. చదువుకున్నదానివి నువ్వు చెబితే కొట్టి పంపుతారు."

ఆ వారంలో వాళ్ళిద్దరూ ఎనభై ఇళ్ళు తిరిగారు. కొందరు తిట్టారు, కొందరు తలుపేసుకున్నారు. ముగ్గురు మాత్రం వాళ్ళు చూస్తుండగానే మొగుడి పేరు పలికారు. ఇద్దరికి అవతల చెయ్యి దొరికింది.

ఆదివారం దీపాలు పెట్టే వేళకి నూకరత్నం చేతులు కడుక్కుని పీట మీద కూర్చుంది. పేరు పిలిచింది. మొదటి పూట ఇమ్మంది.

పలక వెచ్చబడింది. బొటనవేలు వచ్చి, మణికట్టు ఉండవలసిన చోట రెండుసార్లు రాయబోయి, ఆగింది. ఆయనకి అక్కడ ఏమీ తగల్లేదు. మళ్ళీ వెతికింది. తర్వాత అరచెయ్యి పూర్తిగా పరుచుకుని కదలకుండా ఉండిపోయింది. పనిచేసి వచ్చిన చెయ్యి, నరం కొట్టుకోవడం తెలుస్తోంది. నడుమ ఒకసారి వేళ్ళు ముడుచుకుని విప్పుకున్నాయి. చలివేసిందో, తలుపు దగ్గర ఎవరైనా పిలిచారో.

ఆమె ఏమీ నొక్కలేదు. ఆయన చేతి కింద తన చెయ్యి పెట్టి కూర్చుంది. ముప్పై తొమ్మిదిలో ఇది ఒకటి. రోజుకొకటి తీసుకుంటే ఇంకో నెల మీద వారం వస్తాయి. ఆ తర్వాత మూడేళ్ళు.

బయట పోలమ్మ ఎవరినో చేపల దగ్గర తిడుతోంది. చీకటి పడింది. దీపం పెట్టాలని నూకరత్నానికి గుర్తొచ్చింది గాని లేవలేదు. గంటన్నర అయ్యాక ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ సడలి, చెయ్యి పైకి లేచి వెళ్ళిపోయింది.

పలక చల్లబడే దాకా ఆమె తన చెయ్యి తియ్యలేదు.